సైటు వెనక పల్లం, రోడ్డు మెరక: మట్టి ఎంత వేయాలి, నీరు ఎటు వదలాలి?

దోహా_సిక్కోలు
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో ఒక మున్సిపాలిటీ శివారులో మాకు 200 గజాల సైటు ఉంది. వెడల్పు 30 అడుగులు, పొడవు 60. పడమర రోడ్డు. జీ ప్లస్ వన్ ప్లాను గీయించి ఆన్‌లైన్లో పెడితే షార్ట్‌ఫాల్ అని తిరిగొచ్చింది. సైట్ లెవెల్స్ చూపలేదట, వాన నీరు బయటికి పోయే దారి, ఇంకుడు గుంత చూపలేదట.

ఇంతలో ఇంటి దగ్గర ఇంకో గొడవ. సైటు ముందు వైపు రోడ్డు కంటే అడుగు పల్లం, వెనక తూర్పు వైపు రెండున్నర అడుగుల పల్లం. మా మావయ్య "సైటంతా రోడ్డు మీద మూడడుగులు లేపేద్దాం, రేపే టిప్పర్లు మాట్లాడతాను" అంటున్నారు. వెనకింటాయన "మీరు మట్టి పోస్తే మీ నీళ్లన్నీ నా పెరట్లోకే, ఒప్పుకోను" అని ముందే చెప్పేశారు. వాస్తు చూసినాయన ఈశాన్యం పల్లంగా ఉంది, ముట్టుకోవద్దంటున్నారు. నేనేమో ఖతార్‌లో. సెలవు ఆగస్టులో. రోజూ ఫోన్లో ఇదే టెన్షన్. ముందు ఏది తేల్చుకోవాలి?

తాపీ_బాబాయ్
ముందు టిప్పర్లు ఆపు బాబూ. మట్టి పోయడం ఒక పూట పని. తీయించడం ఎవడివల్లా కాదు.

ఆటోలెవెల్
మీరు రాసిన దాంట్లో అసలు అంకె లేదు. రోడ్డు పక్క డ్రెయిన్ ఉందా? ఉంటే దాని అడుగు రోడ్డుకి ఎంత కింద ఉంది? ఆ డ్రెయిన్ ఎటు పారుతోంది, చివర ఎందులో కలుస్తోంది? ఇది తెలియకుండా మట్టి ఎంత అని ఎవరు చెప్పినా అది ఊహే.

గంటస్తంభం
విజయనగరం నుంచి. మా వీధిలో పాత ఇళ్లన్నీ ఇప్పుడు రోడ్డుకి కిందే. సిమెంట్ రోడ్డు మీద ఇంకో సిమెంట్ రోడ్డు వేసుకుంటూ పోయారు. ఒకప్పుడు గుమ్మం ముందు మూడు మెట్లెక్కేవాళ్లం, ఇప్పుడు ఒక మెట్టు దిగుతున్నాం. కాబట్టి మీ మావయ్యగారి భయాన్ని తీసిపారేయకండి. మూడడుగులు అన్నది ఆయన చూసిన అనుభవం.

దోహా_సిక్కోలు
@ఆటోలెవెల్ గారూ, మా తమ్ముణ్ని పంపి కొలిపించాను. మా వైపే సిమెంట్ డ్రెయిన్ ఉంది. లోతు 18 అంగుళాలు, పైఅంచు రోడ్డుతో సమానం. ఉత్తరం వైపు పారి కల్వర్టు దాటి గెడ్డలో, అంటే చిన్న వాగులో కలుస్తుంది. ప్రస్తుతం పూడిక లేదు. వానాకాలంలో సగం దాకా నిండుతుందని ఎదురింటివాళ్లు చెప్పారట.

ఆటోలెవెల్
బాగా కొలిచారు. ఇప్పుడు లెక్క వేద్దాం. అన్నిటికీ రోడ్డు అంచునే సున్నా అనుకోండి.

డ్రెయిన్ అడుగు సున్నాకి 18 అంగుళాల కింద. మీ వెనక నేల 30 అంగుళాల కింద. అంటే మీ పెరడు డ్రెయిన్ అడుగు కంటే అడుగు పల్లం. ఇప్పుడున్న నేల మీద పడిన చుక్క ఎన్ని గొట్టాలు వేసినా తనంతట తాను రోడ్డు వైపు రాదు. మట్టి తప్పదు. అయితే ఎంత అన్నది డ్రెయిన్ నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ పోవాలి.

డ్రెయిన్ సగం నిండుతుందన్నారు కాబట్టి మీ నీరు పడే నోరు దాని అడుగుకి కనీసం 9 అంగుళాల పైన ఉండాలి. ఇంకా కిందికి పెడితే పెద్ద వానలో డ్రెయిన్ నీరే మీ ఇంట్లోకి ఎదురు తంతుంది. 18లో 9 తీస్తే నోరు రోడ్డుకి 9 అంగుళాల కింద. అక్కణ్నుంచి వెనక గోడ దాకా 60 అడుగులు. నూటికి ఒకటి వాలు చాలు, అది ఏడంగుళాల పైచిలుకు. కాబట్టి వెనక మూలలో కాలువ అడుగు రోడ్డుకి రెండంగుళాల కింద ఉంటుంది. దాని ఒడ్డున నేల రోడ్డు మట్టానికి ఉంటే సరిపోతుంది. కాలువ వెనక రెండంగుళాల లోతుతో మొదలై, గేటు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదంగుళాల లోతు అవుతుంది.

అంటే పెరడు, పక్క సందులు, ముందు వాకిలి అన్నీ రోడ్డు మట్టానికి తెస్తే చాలు. రోడ్డు మీద మూడడుగులు అక్కర్లేదు. మీ మావయ్యగారికి ఇలా చెప్పి చూడండి: ఎత్తు కావలసింది ఇంటికి, పెరటికి కాదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం బేస్‌మెంట్, అంటే ఇంటి గచ్చు ఉండే అరుగు, చుట్టుపక్కల నేల కంటే కనీసం 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర, ఎత్తులో ఉండాలి. రేపు రోడ్డు ఇంకో అడుగు లేచినా తట్టుకోవాలంటే రెండున్నర వేసుకోండి. ఇల్లు రోడ్డుకి రెండున్నర అడుగుల పైన ఉంటుంది, ఆయన కోరికా దాదాపు తీరుతుంది. అదే సైటంతా మూడడుగులు లేపితే వెనక గోడ దగ్గర ఐదున్నర అడుగుల మట్టి నిలబడాలి. ఆ బరువుకి మామూలు ఇటుక ప్రహరీ నిలవదు.

మట్టి లెక్క: ముందు అడుగు, వెనక రెండున్నర, సగటున అడుగుముప్పావు. 1,800 చదరపు అడుగులకి 3,150 ఘనపుటడుగులు, వంద ఘనపుటడుగులు ఒక యూనిట్ కాబట్టి 31, 32 యూనిట్లు. తొక్కించాక దిగుతుంది కాబట్టి పావు వంతు కలిపి 40 అనుకోండి. బేస్‌మెంట్ లోపల నింపేది దీనికి వేరే.

తాపీ_బాబాయ్
అంకెలు బాగున్నాయి. ఆటో లెవెల్ (మట్టాలు కొలిచే సర్వే పరికరం) లేనివాళ్లు గొట్టంతో కూడా ఇదంతా తేల్చుకోవచ్చు. లోపలి నీరు బయటికి కనిపించే గొట్టం తీసుకుని నీళ్లు నింపాలి, లోపల గాలి బుడగ ఉండకూడదు, ఒక కొస రోడ్డు అంచు గుర్తు దగ్గర, రెండో కొస వెనక మూల కర్ర దగ్గర. బుడగ ఒక్కటి ఉన్నా రెండంగుళాలు అబద్ధం చెబుతుంది. నూటికి ఒకటి వాలులో రెండంగుళాలంటే చిన్న సంగతి కాదు.

ఈశాన్యం_ముఖ్యం
అందరూ ఇంజినీర్లే! పడమర రోడ్డు సైటుకి తూర్పు, ఈశాన్యం పల్లంగా ఉండటం ఎంత అదృష్టమో తెలుసా? దాన్ని పూడ్చి నీళ్లు పడమరకి తిప్పుతారా? నేనైతే చచ్చినా చేయను.

అరసవల్లి_అబ్బాయి
మరి ఆ అదృష్టంలో నిలిచిన నీళ్లు ఎవరు తోడతారండీ?

ఈశాన్యం_ముఖ్యం
వెటకారం వద్దు తమ్ముడూ. నమ్మకం ఉన్నవాళ్లకే చెబుతున్నాను.

ఆటోలెవెల్
నమ్మకాన్ని తోసేయకుండానే చేయొచ్చండి. మా దగ్గరికొచ్చే పడమర రోడ్డు సైట్లు సగం ఇలాగే పరిష్కారం అవుతాయి. ఇంటి లోపల గచ్చు, డాబా వాలు ఈశాన్యానికే పెట్టుకోండి. నేల మీద నీరు ఈశాన్య మూల నుంచి ఉత్తరపు సందులోంచి నడిచి, వాయవ్యం దగ్గర రోడ్డు డ్రెయిన్లో పడుతుంది. ఈశాన్యం మూల నైరుతి కంటే రెండు మూడు అంగుళాలు తగ్గించి పెట్టొచ్చు. వాస్తు చెప్పేవాళ్లలో చాలామంది దీనికి ఒప్పుకుంటారు.

నన్నడిగితే మాత్రం డాబా వాలు ముందుకే పెట్టేయమంటాను. డాబా నీరు వెనక్కి రాకపోతే పెరటి కాలువకి సగానికి పైగా బరువు తగ్గుతుంది. ఇక మీ ఇష్టం.

చిన్న_ప్లీడరు
వెనకింటాయన మాట గురించి రెండు ముక్కలు. ఇండియన్ ఈజ్‌మెంట్స్ యాక్ట్ 1882లో ఏడో సెక్షన్ ఉంది. మెరక భూమి మీద సహజంగా పుట్టిన లేక పడిన నీరు, ఏర్పడిన కాలువలో కాకుండా పారేది, పక్కనున్న పల్లపు భూమిలోకి సహజంగా పోవడానికి పల్లం వాడు అడ్డు చెప్పకూడదు. కాబట్టి ఇన్నాళ్లూ మీ ఖాళీ సైటు నీరు ఆయన పెరట్లోకి పోతూ ఉంటే ఆయన పెద్దగా చేయగలిగింది లేదు.

కానీ మీరు మట్టి పోసి, డాబా కట్టి, గొట్టంలో కూడగట్టి ఆయన గోడ మీద వదిలితే అది సహజ ప్రవాహం కాదు. అప్పుడు కోర్టులో బలం ఆయనకే. ఇంకోటి, మీ దక్షిణపు సైటు ఖాళీగా ఉండి మీ కంటే మెరకైతే, దాని నీరు ఇన్నాళ్లూ మీ మీదుగానే పోయి ఉంటుంది. మీరు మెరక చేస్తే అది అక్కడే నిలుస్తుంది. ఆ సైటు వాళ్లతోనూ ఒక మాట అనుకోండి.

బొబ్బిలి_కోట
దీనికి ముందు ఇంకో పని ఉంది. ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు కొలతల పటం), గ్రామ నక్షా తీయించి చూడండి. పొలాలు లేఅవుట్లయిన చోట పాత పంట బోదెలు, చిన్న గెడ్డలు కాగితం మీద ఉంటాయి, నేల మీద కనిపించవు. బొబ్బిలి దగ్గర మా బంధువుల సైటు పక్కనుంచి అలాంటి బోదె ఒకటి పోయేది. ఎవరో పూడ్చేశారు. ఇప్పుడు ప్రతి అక్టోబరులో నీరు దాని పాత దారిలోనే వస్తుంది, మధ్యలో ఎవరి హాలుందో దానికి పట్టదు.

ప్లాను_బల్ల
నేను ఎల్‌టీపీని, అంటే ప్లానులు గీసి సంతకం పెట్టే లైసెన్సు ఉన్నవాణ్ని. షార్ట్‌ఫాల్ సంగతి చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ 2017లో జీవో నంబరు 119గా వచ్చాయి. మన దరఖాస్తులు డీపీఎంఎస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో నడుస్తున్నాయి. చాలామంది ప్లాను అంటే గదులూ సెట్‌బ్యాకులే (ఇంటి చుట్టూ వదిలే ఖాళీ జాగా) అనుకుంటారు. మీరు అడగకపోతే గీసేవాళ్లు కూడా పాత ఫైల్లోంచి సైట్ ప్లాను తెచ్చి అంటించేస్తారు. మీకు వెనక్కి రావడం ఒకరకంగా మంచిదే.

సైట్ ప్లాన్లో ఏం చూపాలి? రోడ్డు మధ్యన, రోడ్డు అంచున లెవెల్. సైటు నాలుగు మూలల్లో ఇప్పుడున్న లెవెల్, పక్కనే మట్టి వేశాక వచ్చే లెవెల్. డ్రెయిన్ పైఅంచు, అడుగు. నీరు నడిచే దారి బాణాలతో. బేస్‌మెంట్ ఎత్తు సెక్షన్లో, అంటే ఇంటిని నిలువుగా కోసి చూపే బొమ్మలో రాయాలి. కారు షెడ్డు ఇంటి కిందే ఉంటే దాని గచ్చు కూడా చుట్టూ నేల కంటే కనీసం 150 మిల్లీమీటర్లు ఎత్తులో ఉండాలి, చాలామంది ఇది మర్చిపోతారు. ఇంకుడు గుంత ఎక్కడో, సెప్టిక్ ట్యాంకు, దాని సోక్‌పిట్ (మురుగు ఇంకే గుంత) ఎక్కడో వేర్వేరుగా చూపించాలి. రెండూ ఒకే గుంతలో కలిపేసిన ప్లానులు నేను చూశాను, అంతకన్నా దారుణం లేదు. వాన నీటిని భూమిలోకి పంపే గుంతలోకి మురుగు పంపడమంటే మీ బోరుని మీరే పాడుచేసుకోవడం.

దగ్గర్లో చెరువో గెడ్డో ఉంటే వదలాల్సిన దూరం దాని విస్తీర్ణాన్ని, వెడల్పుని బట్టి మారుతుంది. మీ గెడ్డ కల్వర్టు అవతల కాబట్టి మీకు రాకపోవచ్చు, అయినా మీ ఎల్‌టీపీ చేత దూరం కొలిపించి ప్లాను మీద రాయించండి. ప్లాను రూల్స్ ప్రకారమే ఉందని మేమే ధృవీకరించే సెల్ఫ్ సర్టిఫికేషన్ వచ్చాక మా సంతకానికి బరువు పెరిగింది. తర్వాత తనిఖీలో నేల మీద ఉన్నదీ కాగితం మీద ఉన్నదీ తేడా వస్తే ఓనరుతో పాటు మేమూ జవాబు చెప్పాలి.

వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని ఒకసారి సైటుకి పిలిచి చూపించండి. డ్రెయిన్‌కి మీ నోరు ఎక్కడ కలుపుతారో ఆయనకి ముందే తెలిస్తే మంచిది. చెప్పకుండా డ్రెయిన్ గోడ పగలగొట్టొద్దు.

దోహా_సిక్కోలు
ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. ఒక సందేహం. ఇంకుడు గుంత పెద్దది తవ్వి పెరటి నీళ్లన్నీ దాంట్లోకే వదిలేస్తే ఈ 60 అడుగుల కాలువ, ఇంత మట్టి తప్పుతాయి కదా? మా తమ్ముడి ఐడియా.

పలాస_జీడి
తమ్ముడికి మా ఊరి తిత్లీ తుపాను సంగతి చెప్పండి. 2018 అక్టోబరు 11. తుపాన్లు వచ్చేది ఎక్కువగా ఆ నెలల్లోనే, అప్పటికి వానలన్నీ కురిసి నేల తాగాల్సిందంతా తాగేసి ఉంటుంది. పొలాల పక్క నేలల్లో నాలుగైదడుగులు తవ్వితే నీరు కనిపించే రోజులు. అప్పుడు మీ గుంత అప్పటికే నిండు. జూన్ జల్లులకి ఇంకుడు గుంత బంగారం. తుపాను నాడు దాని నీరు కూడా పోవడానికి ఇంకో దారి ఉండాలి.

లెక్క కావాలంటే: 200 గజాలంటే 167 చదరపు మీటర్లు. ఒక్క రోజులో 100 మిల్లీమీటర్లు పడితే 16,700 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు నిండి ఇంకా మిగులుతుంది. మన జిల్లాల్లో తుపాను రోజున 100 మిల్లీమీటర్లు ఎక్కువేం కాదు.

ఆటోలెవెల్
సరిగ్గా చెప్పారు. గుంత పెట్టండి, రూలుకీ నీటికీ రెండిటికీ మంచిదే. కానీ గుంత పైభాగంలో పొర్లు గొట్టం పెట్టి ఉత్తరపు కాలువలోకి కలపండి. గుంత పునాదికి ఆనుకుని వద్దు. మీకు కుదిరేది వాయవ్యం వైపు ముందు వాకిట్లో.

తాపీ_బాబాయ్
ఇక మట్టి వేసే పద్ధతి. ఇది నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే అందరూ తొందరపడతారు.

ముందు గడ్డి, చెత్త, పైనున్న మెత్తటి మన్ను అరడుగు గీకించాలి. ఆ మన్ను పారేయకు, చివర్లో మొక్కల పాదులకి వాడుకో. గీకిన అరడుగుకి ఇంకో తొమ్మిది యూనిట్లు ఎక్కువ పడుతుంది, లెక్కలో కలుపుకో. తర్వాత ఎర్ర గ్రావెల్. చవగ్గా వస్తుందని చెరువు మట్టి, నల్ల మట్టి తోలించొద్దు. అది ఎండకి బీటలిచ్చి వానకి ఉబ్బుతుంది. దాని మీద వేసిన చప్టా రెండేళ్లకే పలకలు పలకలుగా లేస్తుంది. పడగొట్టిన ఇళ్ల రాళ్లూరప్పలూ కూడా వద్దు, సందుల్లో నీరు దిగి గుంటలు పడతాయి.

వేసేది ఆరంగుళాల పొర. నీళ్లు చల్లాలి, బురదయ్యేలా కాదు, పిడికిట్లో పట్టుకుంటే ముద్ద కట్టాలి. దిమ్మిసతో కొట్టించు, లేదా ప్లేటు మెషీను అద్దెకి తెచ్చుకో. అది అయ్యాకే రెండో పొర. టిప్పరు ఒకేసారి మూడడుగులు కుమ్మరించి జేసీబీతో పైపైన సర్దేస్తే చూడ్డానికి చదునుగానే ఉంటుంది. ఏడాది తిరక్కుండా వెనక మూల దిగిపోతుంది, నువ్వు పెట్టుకున్న వాలు తిరగబడుతుంది. నీరు ఇంటి గోడ వైపు వస్తుంది.

వీలైతే ఈ వానాకాలానికి ముందు మట్టి వేసి, ఒక వాన పడి సర్దుకోనిచ్చి, తర్వాత కాలువ గచ్చు చెయ్యి. పునాది గోతులు మాత్రం పాత గట్టి నేల దాకా దింపాలి, పోసిన మట్టి మీద పునాది పెట్టకూడదు. ఇది చెప్పాల్సిన పని లేదు గానీ చెప్పాను.

ఇంటి చుట్టూ చప్టా గోడ నుంచి కాలువ వైపు మీటరుకి రెండు సెంటీమీటర్లు వాలు. మీటరు సందు అయినా ఆ రెండు సెంటీమీటర్లు వదలొద్దు.

దోహా_సిక్కోలు
బాబాయ్ గారూ, వెనక రెండున్నర అడుగుల మట్టిని ఏ గోడ ఆపాలి? వెనకింటాయన ప్రహరీ ఇటుకది, తొమ్మిదంగుళాలు.

తాపీ_బాబాయ్
ఆ గోడకి నీ మట్టి ఆనించకు. ఒరిగితే ఆయన గోడ నువ్వే కట్టివ్వాలి. నీ హద్దులో నువ్వు రాతి కట్టడం వేసుకో, కింద రెండడుగులు, పైకి వచ్చేసరికి అడుగుంపావు. అక్కడక్కడ చిన్న గొట్టాలు వదిలితే గోడ వెనక నీరు దిగిపోతుంది.

ఆటోలెవెల్
బాబాయ్, ఇక్కడ మీతో ఒప్పుకోను. ఆ గొట్టాల నీరు పడేది ఎక్కడ? వెనకింటాయన పెరట్లోనే. ఏ గొడవ తప్పించాలనుకున్నామో అదే మొదలవుతుంది. వెనక సెట్‌బ్యాకు పైన మట్టి కనిపించకుండా గచ్చు చేసి, నీరు లోపలికే దిగకుండా చూసుకుంటే రంధ్రాలు లేకుండా గోడ నిలబడేలా కట్టొచ్చు. కాకపోతే మందం పెంచాలి.

తాపీ_బాబాయ్
రంధ్రం లేని గోడ నేను కట్టను. గచ్చు ఎన్నాళ్లు పగలకుండా ఉంటుంది? ఒక్క బీట చాలు.

పలాస_జీడి
వెనక నాలుగడుగులు మట్టి వేయకుండా వదిలేసి అరటి చెట్లు పెట్టుకుంటే గోడే అక్కర్లేదుగా.

ఆటోలెవెల్
డ్రెయిన్ కంటే పల్లంలో నాలుగడుగుల వెడల్పు గొయ్యి అవుతుంది అది. నీరు నిలుస్తుంది, దోమలు, పైగా పునాది పక్కనే తడి. అరటి చెట్లు మాత్రం బాగా పెరుగుతాయి.

చిన్న_ప్లీడరు
గోడ గొడవకి మధ్యే మార్గం: రంధ్రాలు పెట్టినా పెట్టకపోయినా, వెనకింటాయన్ని కూర్చోబెట్టి ప్లాను చూపించి, డాబా నీరు, కాలువ నీరు పడమరకే పోతాయని కాగితం మీద రాసివ్వండి. ఆయన భయం ఆ నీటి గురించే. గోడలోంచి ఊరే తడికి ఎవరూ కోర్టుకెళ్లరు.

ఈశాన్యం_ముఖ్యం
కాగితం రాసుకునేది మంచి రోజు చూసుకుని రాసుకోండి. (ఇది మాత్రం సరదాకే.)

దోహా_సిక్కోలు
అప్‌డేట్. తమ్ముడూ మావయ్యా ఆటో లెవెల్ మనిషిని పెట్టి కొలిపించారు. గొట్టంతో కొలిచిన దానికి అంగుళం లోపే తేడా. వెనకింటాయన్ని కూడా పిలిచి, కర్రలకి దారం కట్టి మట్టి ఎంతవరకు వస్తుందో చూపించారు. తాను ఐదడుగులు లేపుతున్నారేమో అనుకున్నానన్నారట. రాతి గోడకి ఒప్పుకున్నారు. రంధ్రాలు వద్దన్నారు, ఆటోలెవెల్ గారు గెలిచారు. మేస్త్రి మాత్రం తాపీ బాబాయ్ గారి మాటే అంటున్నాడు, ఆ పంచాయితీ ఇంకా నడుస్తోంది.

ఎల్‌టీపీ సైట్ ప్లాను మళ్లీ గీసి, నాలుగు మూలల లెవెల్స్, బాణాలు, గుంత, పొర్లు గొట్టం అన్నీ చూపించి తిరిగి అప్‌లోడ్ చేశారు. ఎఫ్‌ఎంబీలో మా సైటు మీద బోదె ఏదీ లేదు. దక్షిణపు సైటు వాళ్లు చెన్నైలో ఉంటారట, ఫోన్ ఎత్తడం లేదు.

ఒక్కటే మిగిలింది. ఉత్తరపు సందులో తెరిచిన కాలువ పెడితే బండి తీయడానికి అడ్డమని ఇంట్లో గొడవ. గొట్టం వేసేయమంటున్నారు. నాలుగంగుళాలది చాలా?

ఆటోలెవెల్
నాలుగు వద్దు. ఆరంగుళాలది, అదే నూటికి ఒకటి వాలు. వెనక గొట్టం అడుగు రోడ్డుకి రెండంగుళాల కిందే ఉండాలి కాబట్టి అక్కడ గొట్టం సగానికి పైగా నేల మీదికి తేలుతుంది. అందుకే వెనక పెరటి వెడల్పు, సందులో మొదటి సగం తెరిచిన కాలువే ఉంచండి. బండి తిరిగే ముందు సగంలో కూడా గొట్టం కంటే కాలువ మీద ఇనుప జాలీ మేలు. జాలీ ఎత్తి ఆకులు తీయొచ్చు, గొట్టంలో ఇరుక్కుంటే తీయలేరు.

తాపీ_బాబాయ్
జాలీ ముక్కలు రెండేసి అడుగులవి చేయించు, ఇంట్లో ఆడవాళ్లు కూడా ఎత్తగలగాలి. గోడ సంగతి మేస్త్రితో నేను మాట్లాడతానులే, నంబరు ఇక్కడ పెట్టకు, మెసేజ్ చెయ్యి.